రీలు మనిషి డిజిటల్ కెమెరా కొనాలంటే
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి "ఒక పావుగంట నువ్వేదైనా మాట్లాడాలి" అన్నప్పుడు, ట్రాన్స్‌ఫార్మర్ల గురించి తప్ప నాకేం తెలుసండీ అన్నాను. "అవి వద్దులే బాబూ, భోజనాల ముందు జనం నిద్రపోతారు. కెమెరా గురించి చెప్పు, మనవాళ్లంతా నిన్నదే అడుగుతున్నారు కదా" అన్నారు. నిజమే. ఈ ఏడాదిలో మన బ్యాచ్ వాళ్లే పదిమందికి పైగా అడిగారు. అందరిదీ ఒకటే ప్రశ్న. "ఇన్నేళ్లూ రీలు కెమెరా పట్టుకు తిరిగినవాడివి, నువ్వే మారావట. ఏది కొన్నావు? ఎన్ని మెగాపిక్సెల్స్?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కంటే ఇవాళ అందరికీ కలిపి చెప్పేస్తే నా ఫోను బిల్లు మిగులుతుంది.

ముందు నేను ఎలాంటి ఫొటోలు తీసేవాడినో చెప్పాలి. లేకపోతే నా ఎంపిక మీకు అర్థం కాదు. ఎనిమిదో తరగతిలో మా ఫిజికల్ సైన్స్ మాస్టారు అట్టపెట్టెతో సూది బెజ్జం కెమెరా చేయించారు. నూనె రాసిన కాగితం మీద మన బడి గేటు తలకిందులుగా కనపడింది. ఆ పిచ్చి అక్కడ పట్టుకుంది. ఉద్యోగం వచ్చిన కొత్తలో మద్రాసు బర్మాబజారులో పాత యాషికా ఎలక్ట్రో 35 ఒకటి కొన్నాను. 45 మిల్లీమీటర్ల లెన్సు, ఎఫ్ 1.7. జూమ్ లేదు. మనిషి పెద్దగా పడాలంటే మనమే నడిచి దగ్గరికి వెళ్లాలి. షట్టరు లెన్సులోనే ఉంటుంది కాబట్టి చప్పుడు చిటికెలో పదో వంతు కూడా రాదు. పెళ్లిళ్లలో నేను ఫొటో తీసిన సంగతి పెళ్లికూతురికి కూడా తెలిసేది కాదు. అందులో ఊటీ వాళ్ల ఇందు నలుపు తెలుపు ఫిలిం వేశాను, తూర్పు జర్మనీ ఓర్వో వేశాను, తరవాత కొడాక్, ఫ్యూజీ, కోనికా అన్నీ వేశాను. స్నానాలగదిలో ఎర్రబల్బు పెట్టుకుని ప్రింట్లు వేసుకున్న రోజులున్నాయి. ఇంట్లోవాళ్లు బయట చెంబు పట్టుకుని నిలబడి తిట్టిన రోజులూ ఉన్నాయి.

మరి ఎందుకు మారాను? కొడాక్ కంపెనీ 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది, నేను భయపడిపోయి మారాను అనుకుంటున్నారు కొందరు. అది కాదు. తమాషా ఏమిటంటే మొదటి డిజిటల్ కెమెరా పుట్టింది కొడాక్‌లోనే. 1975లో స్టీవ్ శాసన్ అనే ఇంజనీరు చేశాడు. నిలువు వంద చుక్కలు, అడ్డం వంద చుక్కలు. అంటే 0.01 మెగాపిక్సెల్. ఒక్కో బొమ్మ క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేదట. మనం ఇక్కడ పదో తరగతి పాసై ఏడాదైంది అప్పటికి.

నేను మారడానికి కారణాలు రెండు. మొదటిది రసాయనం. రంగుల ఫిలిం కడిగే యంత్రంలో మందులు రోజూ వాడకంలో ఉండాలి. రోజుకి పాతిక రీళ్లు వెళ్తుంటే పాత మందు ఖర్చవుతూ, కొత్తది కలుస్తూ సమంగా ఉంటుంది. వారానికి మూడు రీళ్లు వస్తే ఆ మందు గాలికి పాడవుతుంది, రంగులు తప్పుతాయి. ఇది ఏ స్టూడియోవాళ్ల తప్పూ కాదు, గిరాకీ లేకపోతే అంతే. మూడేళ్ల కిందటి వరకూ మన ఊళ్లో రోజూ కడిగేవారు, తరవాత శనివారాలు మాత్రం, ఇప్పుడు హైదరాబాదు పంపాలి. ఇంట్లోవాళ్లు ఫొటో దిగిన సంగతే మరిచిపోయాక ప్రింటు వస్తోంది.

రెండో కారణం మా అమ్మ. ఆమెకి ఎనభై దాటాయి. శుక్లాల ఆపరేషన్ అయినప్పటి నుంచి ఫ్లాష్ వెలిగితే కళ్లు మూసుకుని మొహం తిప్పేసుకుంటుంది. పగలంతా పడుకునో పనిలోనో ఉంటుంది. సాయంత్రం దీపం పెట్టాక వసారాలో కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్లతో కబుర్లు మొదలెడుతుంది. ఆవిడ ఆవిడలా ఉండేది అప్పుడే. ఆ వసారాలో ఉన్నది ఒక్క ట్యూబులైటు.

మా నాన్నగారి విషయంలో ఇదే జరిగింది. ఆయన పగలు పొలంలో ఉండేవారు, ఇంటిపట్టున ఉండేది దీపాలు పెట్టాకే. నా దగ్గర ఆయన ఫొటోలు నలభై దాకా ఉన్నాయి. అన్నీ పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో, ఎండలో, ఇస్త్రీ చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని నిలబడినవే. అరుగు మీద కూర్చుని, తువ్వాలు భుజాన వేసుకుని, ఎదురింటాయనతో వాదించే మనిషి ఏ రీలులోనూ లేరు. ఆ వెలుతురుకి ఆ రోజుల్లో ఫిలిం చాలేది కాదు, ఫ్లాష్ వేస్తే ఆయన వాదన ఆపి చొక్కా తెమ్మనేవారు. అమ్మ విషయంలో అలా కాకూడదు అనుకున్నాను. కాబట్టి నాకు కావలసింది "మంచి కెమెరా" కాదు, ఆ వసారాలో పనిచేసే కెమెరా.

ఇంజనీరుని కదా, లైట్ మీటరు తీసుకెళ్లి కొలిచాను. ఐఎస్ఓ 400 ఫిలిం వేసి యాషికాని ఎఫ్ 1.7 దగ్గర పూర్తిగా తెరిస్తే షట్టరు సెకనులో 22వ వంతు వస్తోంది. చెయ్యి కదలకుండా పట్టుకోగలను గానీ, మాట్లాడేటప్పుడు చేతులు తిప్పే ముసలావిడని ఎలా ఆపుతాను? పైగా మీటరున్నర దూరంలో అంత తెరిచిన లెన్సుకి ముందూ వెనకా కలిపి పదకొండు సెంటీమీటర్ల మేరే స్పష్టంగా పడుతుంది. కన్ను పడితే చెవి పడదు. దానికి తోడు పగటి వెలుతురుకి చేసిన ఫిలిం ట్యూబులైటు కింద పచ్చగా వస్తుంది. పసుపు రాసుకున్నట్టుంటే ఫరవాలేదు, పాకుడు పట్టినట్టుంటుంది. డిజిటల్‌లో ఈ పచ్చదనాన్ని వైట్ బ్యాలెన్స్ అనే ఒక్క మీటతో తీసేయొచ్చు. నన్ను డిజిటల్ వైపు నెట్టిన వాటిలో ఇదొకటి.

ఇక దుకాణాల మీద పడ్డాను. ఏ కౌంటరుకి వెళ్లినా మొదట చెప్పేది మెగాపిక్సెల్స్. లెక్క చూడండి. ఆల్బంలో పెట్టే 4×6 అంగుళాల ఫొటోకి, అంగుళానికి 300 చుక్కలు వేసుకున్నా, 1200 ఇంటూ 1800, అంటే 2.16 మెగాపిక్సెల్స్ చాలు. గోడకి కట్టే 8×10కి 7.2. మన ఇళ్లలో అంతకంటే పెద్ద ఫొటో ఎవరికి కడతారో మీకు తెలుసు, దానికి ఎవరూ తొందరపడరు. కేనన్ వాళ్లు 2008లో జీ10 అనే మోడల్‌లో 14.7 మెగాపిక్సెల్స్ పెట్టి, మరుసటి ఏడు జీ11లో వాటిని పదికి తగ్గించారు. వ్యాపారం చేసేవాడే అంకె తగ్గించాడంటే ఏదో ఉండాలి కదా!

ఉన్నదేమిటంటే సెన్సరు వైశాల్యం. మన 35 ఎంఎం ఫిలిం మీద ఒక ఫొటో 24 ఇంటూ 36 మిల్లీమీటర్లు, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. మామూలు చిన్న డిజిటల్ కెమెరాల్లో సెన్సరు 28 చదరపు మిల్లీమీటర్లు. కందిబద్దంత. ఫిలింలో ముప్పయ్యో వంతు. కేనన్ ఎస్95, జీ12, పానాసోనిక్ ఎల్ఎక్స్5 లాంటివాటిలో 43. ఫ్యూజీ ఎక్స్10లో 58. 2012లో వచ్చిన సోనీ ఆర్ఎక్స్100లో 116. ఫ్యూజీ ఎక్స్100లో దాదాపు 370. చూరు కింద వాన నీళ్లకి గ్లాసు పెడతారా, గంగాళం పెడతారా అన్నట్టే ఇది. కుండపోత వానలో గ్లాసూ నిండుతుంది. ఎండలో తీస్తే ఏ కెమెరా అయినా బాగానే తీస్తుందని నేననేది అందుకే. "ఫోనుంది కదా, మళ్లీ కెమెరా ఎందుకు నాన్నా" అంటుంది మా అమ్మాయి. మధ్యాహ్నం గుడి ముందు తీసేటట్టయితే నిజంగానే అక్కర్లేదు. తుంపర పడేటప్పుడే గంగాళం విలువ తెలిసేది.

అయితే పెద్ద సెన్సరు పెట్టారు కదా అని ఆర్ఎక్స్100 కొనేస్తే సరిపోతుందా? బరువు 240 గ్రాములు, చొక్కా జేబులో పడుతుంది. చేతిలోకి తీసుకోగానే నాకూ మనసైంది. లెన్సు మీద ఎఫ్ 1.8 అని రాసి ఉంటుంది. కానీ ఆ పక్కనే 4.9 అని కూడా రాసి ఉంటుంది, అది చదవాలి. 1.8 అనేది జూమ్ మొదట్లో, వెడల్పుగా పడేటప్పుడు. అలా దగ్గరికెళ్లి మొహం తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. మొహం సరిగ్గా రావాలని జూమ్ చేసేసరికి 4.9కి పడిపోతుంది. కేనన్ ఎస్95దీ అదే వరస. మా వసారాలో ఐఎస్ఓ 1600 పెట్టినా ఎఫ్ 4.9 దగ్గర సెకనులో 11వ వంతు వస్తుంది. నా పాత యాషికా కంటే హీనం! జూమ్ కెమెరా కొనేవాళ్లు ఆ రెండో అంకె చూడకుండా డబ్బు ఇవ్వకండి. ఈ లెక్కలో నిలబడ్డ జూమ్ ఎక్స్10 ఒకటి, చివరికంటా లాగినా 2.8 దగ్గరే ఉంటుంది. దాని జూమ్ చేత్తో తిప్పేది, మోటారు గోల లేదు.

రెండో పరీక్ష నా కళ్లది. ఇక్కడ కూర్చున్న మన బ్యాచ్ వాళ్లందరికీ చత్వారం వచ్చేసింది, దాచుకోనక్కర్లేదు. ఈ చిన్న కెమెరాల్లో చాలావాటికి కంటికి ఆనించుకునే కిటికీ ఉండదు, వెనక తెరే దిక్కు. తెర చూడాలంటే చేతులు చాచాలి, లేదా కళ్లజోడు వెతకాలి. చేతులు చాచి పట్టుకున్న కెమెరా ఊగుతుంది. కంటికి, బుగ్గకి ఆనించుకుంటే మూడో ఆధారం దొరుకుతుంది. నెమ్మది షట్టరులో ఆ ఆధారం చాలా విలువైనది. పైగా ఎండలో ఆ తెర మీద మన మొహమే కనపడుతుంది. ఎక్స్10కీ, జీ12కీ కిటికీ ఉంది. కానీ ఎక్స్10 దాంట్లో పడబోయే ఫొటోలో 85 శాతమే కనపడుతుంది, జీ12లో 77 శాతమే. మనం అనుకోని గోడమీది క్యాలెండరు కూడా ఫొటోలోకి వచ్చేస్తుందన్నమాట. ఎక్స్100లో గాజు కిటికీ, ఎలక్ట్రానిక్ కిటికీ రెండూ ఉన్నాయి, మీటతో మార్చుకోవచ్చు.

మూడోది వేళ్ల అలవాటు. ముప్పై ఏళ్లు లెన్సు చుట్టూ రింగు తిప్పినవాడిని మెనూలో ఏడో పేజీకి వెళ్లమంటే ఎలా? ఎక్స్100లో ఎపర్చరు రింగు లెన్సు మీద, షట్టరు చక్రం నెత్తిన, ఎక్స్‌పోజర్ తగ్గించే పెంచే చక్రం కుడి బొటనవేలి దగ్గర. ఆ మూడో చక్రం గురించి రీలువాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. నెగెటివ్ ఫిలింకి వెలుగు కాస్త ఎక్కువైనా ఓర్చుకునే గుణం ఉంది, తక్కువైతేనే చీకటి భాగాలు పోతాయి. డిజిటల్ దీనికి తలకిందులు, స్లైడు ఫిలింలాంటిది. తెల్లపంచె, తెల్లచొక్కా వేసుకున్న నల్లటి మనిషిని ఎండలో నిలబెడితే మొహం చూసి కెమెరా వెలుగు పెంచేస్తుంది, పంచె మడతలన్నీ పోయి సున్నం కొట్టిన గోడలా మిగులుతుంది. అది ఒకసారి పోయిందా, ఏ కంప్యూటరూ తిరిగి తేలేదు. నేను ఆ చక్రాన్ని రెండు గీతలు కిందికి తిప్పి ఉంచుతాను. మొహం చీకటైతే తరవాత పైకి తేవచ్చు. అందుకు రా ఫైలు తీసుకునే సదుపాయం ఉన్న కెమెరాయే కొనండి. రా అంటే నెగెటివ్, జేపెగ్ అంటే ప్రింటు అనుకోండి. నెగెటివ్ పారేసి ప్రింటు మాత్రం ఇంటికి తెచ్చుకునేవాడు మనలో ఎవరున్నారు?

ఇంకొక పాత అలవాటు కూడా మానాలి. ఎండలో ఎఫ్ 8 పెట్టుకుంటే దిగుల్లేదని మనం నేర్చుకున్నాం. కందిబద్దంత సెన్సరుకి ఎఫ్ 8 చాలా సన్నని బెజ్జం. మాస్టారి సూది బెజ్జం గుర్తుందా? బెజ్జం మరీ చిన్నదైతే బొమ్మ మళ్లీ మసకబారింది కదా. అదే కాంతి వివర్తనం. ఎఫ్ 8 దగ్గర ఒక వెలుగు చుక్క దాదాపు 11 మైక్రాన్ల వెడల్పుకి పాకుతుంది. చిన్న సెన్సరులో ఒక పిక్సెల్ రెండు మైక్రాన్లు. ఇంక మెగాపిక్సెల్స్ ఎన్నుంటే ఏం లాభం? చిన్న కెమెరాల్లో ఎఫ్ 4 దాటొద్దు. అయినా అన్నీ స్పష్టంగానే పడతాయి, చిన్న సెన్సరు ఇచ్చే వరం అదొక్కటి.

చివరికి ఎక్స్10, ఎక్స్100 మిగిలాయి. ఎక్స్100 ధర అప్పట్లో దానికి దాదాపు రెండింతలు. జూమ్ లేదు. జేబులో పట్టదు, 445 గ్రాములు. "పెట్టే డబ్బు పెరుగుతుంటే చేసే పనులు తగ్గుతాయేమిటండీ" అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. దుకాణానికి నా సొంత మెమరీ కార్డు పట్టుకెళ్లాను. అక్కడ ట్యూబులైటు కింద, ఐఎస్ఓ 1600లో, రెండు కెమెరాలతో మా బావమరిది మొహం తీసి, ఇంటికొచ్చి, రెండూ 8×10 ప్రింటు వేయించాను. ఎక్స్10 ప్రింటులో కనుబొమ్మల వెంట్రుకలు కలిసిపోయాయి, రెండోదాంట్లో విడివిడిగా ఉన్నాయి. ఆ ప్రింట్లు చూశాక మా ఆవిడే "అత్తయ్యకి ఇదే తీసుకోండి" అంది. మీరు ఏది కొన్నా ఈ పని చెయ్యండి. కౌంటరు మీద తెరలో చూస్తే అన్నీ బాగుంటాయి.

ఇప్పుడు ఆ వసారా లెక్క. ఎఫ్ 2, ఐఎస్ఓ 1600, షట్టరు సెకనులో 64వ వంతు దాకా వస్తుంది. స్పష్టత లోతు పదకొండు సెంటీమీటర్ల నుంచి ముప్పయి పైకి పెరిగింది. కన్ను, చెవి, చెవికున్న దుద్దు అన్నీ పడతాయి. కానీ నేను 64వ వంతు కాక 50వ వంతు పెడతాను. ఇది నా వృత్తి విషయం, రెండు ముక్కలు చెప్పనివ్వండి. మన కరెంటు సెకనుకి 50 సైకిళ్లు. పాత చోకు ఉన్న ట్యూబులైటు సెకనుకి వందసార్లు పెరిగి తగ్గుతుంది, కంటికి తెలియదు. షట్టరు మరీ వేగంగా ఉంటే ఒక ఫొటో ఆ పెరుగుదలలో, ఇంకోటి తరుగుదలలో పడి, వెలుగూ రంగూ ఫొటోఫొటోకీ మారిపోతాయి. 50వ వంతు అయితే సరిగ్గా రెండు పూర్తి ఆవర్తనాలు, ఎప్పుడు నొక్కినా ఒకటే. కెమెరా పాడైందని తిరిగిచ్చేసేవాళ్లు ముందు ఇంట్లో చోకు చూసుకోండి.

నొక్కగానే ఫొటో పడదని చాలామంది అంటారు. ఈ చిన్న కెమెరాలన్నీ లెన్సుని ముందుకీ వెనక్కీ జరిపి, ఎక్కడ అంచులు బాగా తేలాయో చూసుకుని ఆగుతాయి. చీకట్లో ఆ వెతుకులాట ఎక్కువ. బొత్తాన్ని సగం నొక్కి, ఫోకస్ అయ్యాక అలాగే పట్టుకుని ఉండండి. నవ్వు వచ్చినప్పుడు మిగతా సగం నొక్కండి. అమ్మ కుర్చీ ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది కనుక నేను దూరం ముందే పెట్టేసుకుంటాను.

దాచుకోవడం గురించి ఒక మాట. నెగెటివ్‌కి బూజు పడుతుంది, కానీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే యాభై ఏళ్ల తరవాత కూడా మనిషి కనపడతాడు. హార్డ్ డిస్కుకి ఆ ముందస్తు సూచన ఉండదు, పోతే ఒక్కసారే పోతుంది. రెండు డిస్కుల్లో పెట్టండి, ఒకటి వేరే ఊళ్లో ఉన్న పిల్లల దగ్గర ఉంచండి. నేను ఏటా ఉగాదికి ఓ యాభై ఏరి ప్రింట్లు వేయిస్తున్నాను. ఎన్ని వేలు తీశాం అన్నది కాదు, అమ్మ చేతికి ఇవ్వడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఆవిడకి తెర మీద చూపిస్తే "బాగుందిరా" అంటుంది. కాగితం చేతికిస్తే చత్వారం అద్దాలు పెట్టుకుని, పక్కన ఉన్న ఇత్తడి చెంబు ఎవరి పెళ్లిలో వచ్చిందో దగ్గర్నుంచి మొదలెడుతుంది. వెనక పెన్సిలుతో రాసుకుంటున్నాను. ఇప్పటికి నూట పన్నెండు ఫొటోలయ్యాయి, ఒక్కదాంట్లోనూ కళ్లు మూసుకోలేదు.

యాషికా అమ్మేశావా అని అడుగుతున్నారు. లేదు. అందులో ఇంకా రీలుంది, పదకొండు ఫొటోలు మిగిలాయి.

ఇవాళ రెండు కెమెరాలూ తెచ్చాను. జనవరి కాబట్టి నాలుగు గంటలకి బడి వెనక వేపచెట్టు కింద నీడ మెత్తగా ఉంటుంది. మాస్టార్లూ, టీచరుగార్లూ దయచేసి భోజనాలయ్యాక వెంటనే బస్సెక్కకండి. ఒక్కొక్కరివీ విడిగా తీస్తాను, ఫ్లాష్ వేయను, నిలబడక్కర్లేదు, కుర్చీలు వేయించాను. చీటీ మీద మీ అడ్రసు రాసిస్తే ప్రింట్లు పోస్టులో పంపుతాను. మన బ్యాచ్ వాళ్లు మాత్రం అయిదింటికి రండి, మనకి వెలుతురు తక్కువుంటేనే మంచిది.